భీమిలి తెల్లగోడ

“గోడేదిరా?” అన్నాడు పోలయ్య.

అప్పుడే పొద్దు పొడిచింది. భీమిలి ఒడ్డుకు మూడు మైళ్ల అవతల, దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద ముగ్గురం ఉన్నాం. వెనక కొసన నిలబడి ఒడ్డుకేసి చూస్తున్నవాడు పోలయ్య. అతని బావమరిది నూకన్న, నేను ఒడ్డుకు వీపు పెట్టి సముద్రంకేసి తిరిగి కూచున్నాం. అలా కూచోవాలన్నది తెప్ప ఎక్కేముందు పోలయ్య పెట్టిన షరతు.

“గోడేటి బావా?” అన్నాడు నూకన్న, తల తిప్పకుండానే.

“టీసరమ్మ గోడరా! నిన్న ఉంది. ఇయ్యేల నేదు!”

నూకన్న తెడ్డు ఒళ్లో పెట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగాడు. నేనూ తిరిగాను. కొండ ఉంది. కొండ కింద సరుగుడు తోటల నల్లటి గీత ఉంది. మధ్యలో పల్చటి మంచు. గోడ మాత్రం లేదు.

అది ఎక్కడికి పోయిందో మా ముగ్గురిలో నాకొక్కడికే తెలుసు. నా చొక్కా కుడిచేతికి జానెడు మేర దాని రంగు అంటుకుని ఉంది.

సెలవు

పత్రికాఫీసుకు ఏడాదికి నాలుగైదు సెలవులే ఉంటాయి. గణతంత్ర దినోత్సవం వాటిలో ఒకటి. ఆ ఏడు అది శుక్రవారం పడింది. శనివారం నా వారపు సెలవు. ఆదివారానికీ సోమవారానికీ సెలవు చీటీ రాసి ఇస్తే మా ఎడిటరు గారు రెండుసార్లు చదివి, “ఏమిటి, నువ్వే?” అన్నారు.

హైదరాబాదులో డెస్కు మీద ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. తుపాను వచ్చిన ప్రతిసారీ ‘సముద్రం అల్లకల్లోలంగా ఉంది’ అని రాసింది నేనే. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అని హెచ్చరించిందీ నేనే. సముద్రాన్ని మటుకు ఎన్నడూ చూడలేదు. మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు చెరువు నిండితే ఊరంతా వెళ్లి చూసి వచ్చేవాళ్లం.

మా ఆవిడ అన్నపూర్ణ ఈ ప్రయాణానికి నెలరోజులు లెక్కలు కట్టింది. నేను ఇంటికి తెచ్చిన ప్రూఫు కాగితాల వెనక ఏ పూట ఎక్కడ ఉండాలో, ఏ పచ్చడి ఎన్ని రోజులు నిలవుంటుందో రాసుకుంది. మొదటి రోజు విశాఖ, యారాడ. రెండో రోజు సాయంత్రానికి భీమిలి. భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఒక రిటైరైన టీచరమ్మ గారి ఇంట్లో గది మాట్లాడి పెట్టానని మా విశాఖ విలేకరి జాబు రాశాడు. ‘మీరు వస్తున్నారని ఆవిడ చాలా సంబరపడుతున్నారు’ అని చివర్న ఒక మాట చేర్చాడు. ఆ మాటను మేమిద్దరం పట్టించుకోలేదు.

వీధి చివర

సముద్రం పల్లంలో ఉంటుందనుకునేవాణ్ణి. విశాఖలో రిక్షా ఒక వీధి మలుపు తిరిగేసరికి ఆ వీధి చివర ఇళ్ల కప్పులకంటే ఎత్తుగా నీలంగా ఏదో నిలబడి ఉంది. దాని పైఅంచు మీద చిన్న ఓడ ఒకటి ఆనించి పెట్టినట్టుంది.

“అది ఆకాశమా?” అని అడిగాను.

రిక్షా అతను తొక్కడం ఆపి నన్ను చూశాడు. “సముద్రం బాబూ. ఆకాశం దాని పైనుంటాది” అన్నాడు.

అన్నపూర్ణ నవ్వలేదు. రిక్షా దిగి వీధి మధ్యలో నిలబడిపోయింది. వెనకనుంచి బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. దగ్గరికి వెళ్లాక ఇసకలో ఒక గంట కూచున్నాం. ఇరవై రెండేళ్లు నేను రాసిన ‘అల్లకల్లోలం’ ఎంత చిన్నదో నాకు అర్థమవుతూ వచ్చింది. ఆ రోజు సముద్రం ప్రశాంతంగా ఉంది. ప్రశాంతంగా ఉన్నదాన్ని చూసే నేను ఇసకలో వెనక్కి జరిగి కూచున్నాను.

ఆ ఊళ్లో దారి అడిగితే కుడి, ఎడమ అని చెప్పరు. ‘సముద్రం పక్కకెల్లండి’, ‘కొండ పక్కకి తిరగండి’ అంటారు. హైదరాబాదులో ఫలానా సినిమా హాలు దాటాక, ఫలానా ఇరానీ హోటలు ముందు అని చెప్పుకుంటాం. హాలు మూతపడితే మళ్లీ దారి నేర్చుకోవాలి. వీళ్లకా బాధ లేదనుకున్నాను. కొండ ఎటూ పోదు, సముద్రం ఎటూ పోదు. రెండు రోజుల తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

రేవు దగ్గర ముప్పై పైసల టీ తాగాం. అవతల బయటి రేవులో ముడి ఇనుము నింపుకుంటున్న ఓడ మా వీధంత పొడవుంది. ఆ ఎర్రటి దుమ్ము టీ కొట్టు బల్లల మీద కూడా పేరుకుని ఉంది. బల్ల మీద వేలు పెట్టి తీస్తే వేలు ఎర్రగా అయింది. ఉక్కు ఫ్యాక్టరీ ఎందాకా వచ్చిందని పక్కన కూచున్న కార్మికుణ్ణి అడిగాను.

“రాయేసి ఏళ్లయింది. రాయి ఉంది. మీదేటి బాబూ ఉద్యోగం?”

“పేపర్లో.”

“మరి మీరు మమ్మల్ని అడుగుతారేటి? మేమే మిమ్మల్ని అడగాల!” అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చేశాడు.

యారాడ

డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి అవతలికి దిగితే యారాడ. రెండు కొండలు చేతులు చాచినట్టు సముద్రంలోకి వెళ్తాయి. మధ్యలో పసుపు ఇసక, కొబ్బరి చెట్లు, పాతిక ముప్పై ఇళ్లు. మేం వెళ్లేసరికి ఒడ్డున ఒకావిడ చిన్నచేపలు ఎండబెడుతూ కాకుల్ని తిడుతోంది. అన్నపూర్ణను చూసి తిట్లు ఆపింది.

“ఏ ఊరమ్మా మీది?”

“హైదరాబాదు.”

“అక్కడ సముద్రం ఎంత దూరం?”

“మాకు సముద్రం లేదు.”

ఆవిడ చేతిలో చేపలు చేతిలోనే ఉండిపోయాయి. “ఓలమ్మ! మరి పొద్దున్నే లెగిసి ఏటి సూత్తారు?”

అన్నపూర్ణ కాసేపు ఆలోచించి, “ఎదురింటి వాళ్ల గోడ” అంది.

ఆవిడ ఎంత జాలిపడిందంటే, వద్దంటున్నా వినకుండా గుప్పెడు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది. మేం మాంసం, చేపలు తినేవాళ్లమే గానీ ఎండుచేప ఇంట్లో వండలేదు. ఆ పొట్లం వాసన హైదరాబాదు దాకా మా పెట్టెలో వచ్చింది.

యారాడలో నా నష్టం ఒక చెప్పు. నీళ్లలో కాళ్లు తడుపుకుందామని చెప్పులు ఇసకలో విడిచాను. ఒక అల వచ్చి రెండూ తీసుకుపోయింది. తర్వాతి అల ఎడమకాలిది తెచ్చి ఇచ్చింది. కుడికాలి దానికోసం అరగంట చూశాను. “ఇత్తాది లెండి, దాని సేతిలో పని అయ్యాక” అంది చేపలావిడ. ఇవ్వలేదు.

నీలం రంగు

మర్నాడు బస్సు తగరపువలస మీదుగా చుట్టు తిరిగి భీమిలి చేరేసరికి సాయంత్రం నాలుగు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. ఇప్పుడు గంట స్తంభం, డచ్చివాళ్ల సమాధులు, తలుపులు ఊడిన గిడ్డంగులు ఉన్నాయి. బస్సు దిగగానే ఉడికించిన తేగలు కట్ట అర్ధరూపాయికి కొన్నాం. తేగ ఎలా ఒలవాలో అమ్మినావిడే చేసి చూపించింది. మధ్యలో తెల్లటి పుల్లలాంటిది తీసి అన్నపూర్ణ నోట్లో పెట్టి, “సందమామ. ఇది పారేత్తారా ఎవరైనా?” అంది.

మార్తమ్మ టీచరు గారి ఇల్లు ఊరికి కొంచెం ఎడంగా, కొండ వాలు మీద ఉంది. ఊరి ఒడ్డు నుంచి చూస్తే సరుగుడు తోటలు అడ్డం. సముద్రం మీద నుంచి మాత్రం నిండుగా కనిపిస్తుంది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. గేటు తీసుకుని లోపలికి వెళ్తూ, చెప్పుల్లేని కాలికి రాయి గుచ్చుకుని ఇంటి గోడకు చెయ్యి ఆనించాను.

“అయ్యో బాబూ, రంగు! రంగు!” అంటూ ఆవిడ వసారాలోంచి పరిగెత్తుకు వచ్చారు. అప్పటికే నా చొక్కా చెయ్యి నీలమైపోయింది.

అరవై దాటిన మనిషి. తెల్లచీర, వెండి కళ్లజోడు. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. చొక్కాకు ఉప్పునీళ్లు రాస్తూ సంతోషంగా చెప్పుకొచ్చారు.

“ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ క్రిస్మస్ ముందు సున్నం వేయిస్తానండి. మొన్న క్రిస్మస్‌కి ఒంట్లో బాగుండక మానేశాను. ఇంతలో మీ విలేకరి బాబు, పేపరు వాళ్లు సముద్రం చూడ్డానికే అంత దూరం నుంచి వస్తున్నారన్నారు. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లకి సముద్రం రంగే బాగుంటుందని ఈసారి నీలం కలిపించాను. పొద్దున మొదలెట్టి ఇప్పుడే ముగించి వెళ్లాడు. ఎలా ఉంది?”

సముద్రంకేసి ఉన్న పెద్ద గోడ అది. పదిహేను గజాల వెడల్పు ఉంటుంది. నీలం, నిజంగానే, ఎదురుగా ఉన్న సముద్రానికి సరిగ్గా సరిపోయింది. “చాలా బాగుంది” అన్నాను. అబద్ధం చెప్పలేదు.

చీకటి పడేలోపు ఒడ్డుకు దిగాను. ఒక తెప్ప పక్కన కూచుని యాభై ఏళ్లతను తాడు పేనుతున్నాడు. అతనే పోలయ్య. రేపు నన్నూ తీసుకెళ్తావా అని అడిగాను.

“మీరెందుకు బాబూ? ఒడ్డున కూకుని సూడండి. అదెక్కడికీ ఎల్లిపోదు.”

ఇరవై రెండేళ్ల సంగతి చెప్పాను. నా కాళ్లకేసి చూశాడు. “సెప్పుల్లేకుండానే వచ్చారు. తెప్ప మీద సెప్పులు పనికిరావు. సరే రండి. ఒక్కటే మాట. నాను ఎటు తిరగమంటే అటు తిరగాల. ఎందుకని అడక్కూడదు.”

తెప్ప మీద

తెప్పలో కూచోవడం అంటే నీళ్లలో కూచోవడమే. దుంగల సందుల్లోంచి సముద్రం పైకొచ్చి మన కింద నుంచే మళ్లీ వెళ్లిపోతుంది. ఒడ్డున విరిగే అలలు మూడు దాటేసరికి నాకు దేవుళ్లందరూ గుర్తొచ్చారు. అవి దాటాక ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. నల్లటి నీళ్లు నెమ్మదిగా పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. మొత్తం సముద్రం ఊపిరి తీస్తున్నట్టు ఉంది. నాకూ దానికీ మధ్య జానెడు కర్ర. తూర్పున మొదట బూడిద రంగు, తర్వాత ఇత్తడి రంగు, ఆ తర్వాత సూర్యుడు. నీళ్లలోంచి నీళ్లు కారుతూ లేచినట్టే లేచాడు. నాకు భయం పోయింది. దాని స్థానంలో వచ్చినదానికి నా దగ్గర మాట లేదు.

అప్పుడే పోలయ్య గోడేదని అరిచాడు.

మొదట నవ్వింది నూకన్న. “పదేళ్ల నుంచి నన్ను అటు తిప్పి కూకోబెడతన్నాడు బాబూ! మా అప్పని ఇచ్చాం ఈడికి. తెప్పలో సగం నాది. అయినా గురుతు సెప్పలేదు. ఇదా బావా నీ గురుతు? టీసరమ్మ గోడా!”

“నోర్ముయ్యరా” అన్నాడు పోలయ్య. అతని ముఖంలో నెత్తురు లేదు.

సంగతి ఇది. ఆ చోట ఇరవై బారల లోతున ఒక రాతి గుట్ట ఉంది. చేపలు దాని చుట్టూ చేరతాయి. పైన నీళ్లు ఎక్కడైనా ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఆ చోటు కనుక్కోవాలంటే ఒడ్డును చూడాలి. టీచరమ్మ గోడా, దాని వెనక కొండ మీద ఉన్న మరో ఆనవాలూ ఒకదాని వెనక ఒకటి పడేదాకా తెప్పను జరుపుతారు. అది ఒక గీత. పక్కకు తిరిగితే ఒడ్డు వెంబడి దూరంగా మరో జత ఉంది. ఆ రెండు గీతలూ కలిసిన చోట కింద రాయి ఉంటుంది. దీన్ని వాళ్లు గురుతు అంటారు. తండ్రి చివరిరోజుల్లో పోలయ్యకు చెప్పాడు. పోలయ్య తాను సముద్రం మానుకునే రోజున ఒక్కరికి చెప్పాలి. అంతవరకూ తెప్పలో తోడు వచ్చేవాడు కూడా సముద్రంకేసి తిరిగి కూచోవలసిందే. ఇప్పుడు ఒక్క కేకతో అందులో సగం బయటపడిపోయింది.

దానికంటే పెద్ద కష్టం అడుగున ఉంది. ముందురోజు తెల్లారగట్ల, గోడ ఇంకా తెల్లగా ఉండగా, ఏడు వలలు ఒకదానికొకటి కట్టి ఆ రాతి పక్కన దించి వచ్చాడు పోలయ్య. నాలుగు తనవి, మూడు నూకన్నవి. రెండిళ్లకూ ఉన్న వలలన్నీ అవే.

“చివర బెండ్లు కట్టి ఉంటాయి కదా, అవి తేలవా?” అన్నాను.

“నీటి ఈడుపుకి ములిగిపోనాయి బాబూ. ములక్కపోయినా, ఇంత సముద్రంలో బెండుముక్క ఎక్కడని ఎతుకుతాం? ఇయ్యేల తియ్యకపోతే రాయికి కోసుకుపోతాయి.”

అప్పుడు చెప్పేశాను. గోడ ఎక్కడికీ పోలేదనీ, నిన్న దానికి నీలం వేశారనీ, అదీ మేం వస్తున్నామనీ. పోలయ్య వంగి నా చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. తర్వాత ఒడ్డుకేసి చూశాడు. మళ్లీ చొక్కాకేసి చూశాడు.

“ఈ రంగేనా?” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు గంటలు వెతికారు. నాలుగు కొక్కేల ఇనుప లంగరు దించి అడుగున ఈడ్చారు. ప్రతిసారీ ఖాళీగానే వచ్చింది.

చర్చి బయట

ఒడ్డుకు వచ్చేసరికి ఆదివారం ప్రార్థన జరుగుతోంది. తడిబట్టలతోనే ముగ్గురం చర్చి ప్రహరీ బయట నిలబడ్డాం. మమ్మల్ని వెతుక్కుంటూ అన్నపూర్ణ కూడా వచ్చింది. పాటలు అయిపోయాయి. బైబిలు చంకలో పెట్టుకుని మార్తమ్మ గారు బయటికి వచ్చారు.

“ఏం పోలయ్యా, నువ్వూ చర్చికొచ్చావా?”

“నేదమ్మా. గోడ సంగతి సెబుదామని.”

“ఏ గోడ?”

“మీ గోడే. తెల్లగుండేది. బాగుండేది.”

“ఇప్పుడు బాగాలేదా?”

“నీలం... అంత బాగోనేదమ్మా.”

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. “నా ఇంటి గోడకి నీకు నచ్చిన రంగు వేయించాలా? మా అతిథులకి నచ్చింది. నీకేమిటి నొప్పి?”

పోలయ్య కాలి బొటనవేలితో ఇసక తవ్వుతున్నాడు. నూకన్న రెండుసార్లు దగ్గాడు. నేను చెప్పేయవచ్చు. కానీ అది నా మాట కాదు. వలలు కావాలంటే గురుతు విప్పాలి. గురుతు దాచుకోవాలంటే వలలు వదులుకోవాలి. ఆ మనిషి అక్కడే నిలబడి ఆ రెండింటినీ తూచుకుంటున్నాడు. మనుషులు వెళ్లిపోతున్నారు. ఆఖరివాళ్లు కూడా మలుపు తిరిగాక తలెత్తి, చిన్న గొంతుతో, మొత్తం చెప్పాడు. రెండో జత గురించి మాత్రం చెప్పలేదు.

మార్తమ్మ గారు బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. “ఎన్నాళ్లుగా?” అన్నారు.

“మీరు ఇల్లు కట్టిన కాడ్నుంచి. మా అయ్య కనిపెట్టాడు. ఏటా మీ పెద్ద పండగకి ముందు మీరు సున్నమేయిత్తారు. ఆ నెల నుంచే మాకు వేట.”

“మా వారు పోయిన ఏడు వేయించలేదే?”

“మసగ్గా కనపడిందమ్మా. ఆ ఏడంతా మా అయ్య మీ ఇంటి కోసం బెంగెట్టుకున్నాడు.”

ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకునేసరికి టీచరమ్మ అయిపోయారు. “ఇన్నేళ్లు నా గోడ చూసి చేపలు పట్టుకుని, నా గుమ్మంలోనే నాతో బేరాలాడతావా? ఒక్కనాడు ఒక్క చేప ఊరికే ఇచ్చావా?”

“ఊరికే ఇత్తే ఎందుకిత్తన్నావని అడుగుతారు గదమ్మా!”

నూకన్న నవ్వాడు. తర్వాత ఆవిడ కూడా నవ్వారు. పోలయ్య మాత్రం నవ్వలేదు.

పదకొండు చీరలు

సున్నం కలిపి వేస్తే ఆరేసరికి సాయంత్రమవుతుంది. నీలం మీద ఒక్క పూతతో తెలుపు నిలవదు కూడా. దారి చూపించింది అన్నపూర్ణ. “తెల్లగా కనపడాలి, అంతేగా? దుప్పట్లు కడదాం.”

ఇంట్లో తెల్ల దుప్పట్లు నాలుగే ఉన్నాయి. గోడకు మూడోవంతు కూడా రావు. మార్తమ్మ గారు లోపలికి వెళ్లి పెట్టె తీశారు. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ కట్టుకుంటున్నవన్నీ తెల్ల చీరలే. పదకొండు ఉన్నాయి.

“రంగు ఇంకా పొడిపొడిగా రాలుతోందండీ. చీరలు పాడైపోతాయి” అన్నాను.

“పాడు చేసింది నేనే కదా బాబూ. పట్టుకోండి ఆ కొస.”

మేడ పిట్టగోడ మీద ఇటుకలు పెట్టి చీరలు వరసగా కిందికి వేలాడదీశాం. కట్టడం అయ్యేసరికి పన్నెండు. తెప్ప ఎక్కబోతుంటే పోలయ్య నాకేసి చూసి, “మీరూ రండి బాబూ. ఇంక ఇటేపు తిరిగే కూకోండి. దాసేదేటుంది” అన్నాడు.

గాలి సముద్రం నుంచి కొడుతోంది. వెళ్లడానికి తెడ్డే గతి. గంటన్నర తర్వాత ఒడ్డుకేసి చూశాం. కొండ ఉంది, తోట గీత ఉంది. ఆ రెంటికీ నడుమ ఏదో తెల్లగా మెరిసి ఆరిపోయింది. మళ్లీ మెరిసింది. మళ్లీ ఆరింది.

“గాలికి లెగుతున్నాయి” అన్నాడు నూకన్న.

“ఉండరా, ఉండు” అన్నాడు పోలయ్య. అరచెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకున్నాడు.

మేం చూస్తుండగానే మెరుపు ఆగి, కొండ వాలు మీద చిన్న తెల్లటి ముక్క కదలకుండా నిలిచింది. నా బొటనవేలి గోరంత ఉంటుంది. అంత సముద్రం, అంత కొండ, అంత ఆకాశం, వాటి మధ్య గోరంత తెలుపు. రెండు రోజులుగా సముద్రం ఎంత పెద్దదో చూసి నిలువునా ఆశ్చర్యపోయిన నేను, ఆ క్షణాన అంతకంటే ఎక్కువగా ఆ చిన్న ముక్కను చూసి ఆశ్చర్యపోయాను. మూడు మైళ్ల అవతలి నుంచి అది మమ్మల్ని పట్టుకుని ఉంది. చీరలు ఎందుకు నిలిచాయో తర్వాత తెలిసింది. ఇద్దరు ఆడవాళ్లు గోడ కింద ఎండలో, చీరల అంచులన్నీ పోగుచేసి ఒళ్లో పెట్టుకుని, వాటి మీద బరువుగా కూచున్నారట. మేం తిరిగొచ్చేదాకా లేవలేదట.

మొదటి గీత కలిసింది. అప్పుడు పోలయ్య తెడ్డుతో దుంగ మీద కొట్టి, “అటు తిరగండి ఇద్దరూ” అన్నాడు.

“ఇంకా ఏటి బావా? గోడ తెలిసిపోయింది గదా!”

“గోడే తెలిసింది. తిరగరా.”

తిరిగాం. నీళ్లు చూస్తూ కూచున్నాం. వెనకనుంచి అతని గొంతు వినిపిస్తోంది: “ముందుకి... ఇంకొంచెం... వద్దు... ఆపు.” లంగరు దిగింది. తాడు ఉన్నట్టుండి బిగిసింది. మేం తల తిప్పి చూసేసరికి పోలయ్య చేతులు తాడు మీద పెట్టి కళ్లు మూసుకుని ఉన్నాడు.

వల పైకి రావడం నేనెప్పటికీ మరచిపోలేను. లోతు నల్లగా ఉంది. ఆ నలుపులో ఎక్కడో వెన్నెల ముక్కలాంటిది కదిలింది. పైకి వచ్చేకొద్దీ పెద్దదై, వెండై, చెయ్యంత పొడవున్న కోనాం చేపై, తోకతో దుంగను ఫెడేలున కొట్టింది. ఆ వెనక ఇంకోటి. నేను లెక్కపెట్టడం మానేశాను. ఐదు వలలు వచ్చాయి. ఆరో దానికి రాయి అడ్డుపడింది. ఎంత లాగినా రాలేదు. ఇంకోసారి లాగేసరికి తాడు తెగి, తెప్ప పక్కకు ఒరిగి, నేను నీళ్లలో పడ్డాను. నూకన్న నా జుట్టు పట్టుకుని పైకి లాగుతూ, “సముద్రం సూత్తానన్నారు గదా, సూశారా?” అన్నాడు.

పోయిన రెండింటిలో ఒకటి పోలయ్యది, ఒకటి నూకన్నది.

ఆ సాయంత్రం పోలయ్య పెద్ద కోనాం ఒకటి మార్తమ్మ గారి గుమ్మంలో పెట్టి, బేరం ఆడకుండా వెళ్లబోయాడు. ఆవిడ పిలిచి కూచోబెట్టారు. చింతపండూ మెంతులూ వేసి ఆవిడ కాచిన పులుసు, మా అనంతపురం కారానికి అలవాటుపడ్డ నాలిక్కి మొదట మెత్తగా అనిపించి, తర్వాత వదలకుండా పట్టుకుంది. తాడు మీద ఆరేసిన పదకొండు చీరలకూ నీలం చారలు పడ్డాయి. రేపట్నుంచి దారిన పోయే బడి పిల్లలు నవ్వుతారేమోనన్నారావిడ. కానీ ఆ చారలు పోగొట్టాలని పెద్దగా ప్రయత్నించినట్టు కనిపించలేదు.

ఇదంతా రాయవచ్చా అని పోలయ్యను అడిగాను.

“గోడ మాట రాసుకోండి బాబూ. సీరలు కట్టినప్పుడే సముద్రం మీదున్నోళ్లంతా సూశారు. రెండోది మీకు తెల్దు గదా” అన్నాడు.

ఉత్తరం

మేం తిరిగొచ్చిన మూడు వారాలకు మార్తమ్మ గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గోడకు మళ్లీ సున్నం వేయించారట. వేయించడం కాదు, పోలయ్య, నూకన్న వచ్చి తామే రెండు పూతలు వేసి వెళ్లారట. పొద్దున కాఫీ తాగుతూ కిటికీలోంచి చూస్తే ఇప్పుడు ఆ గోడకు ఎదురుగా, సముద్రం మీద ఒకే వరసలో నాలుగైదు తెప్పలు కనిపిస్తున్నాయట. ఒకటి కొంచెం ముందు, ఒకటి కొంచెం వెనక నిలబడి అటూ ఇటూ చూసుకుంటూ ఉంటాయట. పోలయ్య తెప్ప వాటిలో ఉండటం లేదు. వాళ్లంతా వెళ్లిపోయాకే అతను బయల్దేరుతున్నాడు.

వాళ్లలో ఎవరికైనా రెండో జత దొరికిందో లేదో ఆవిడకు తెలియదు, పోలయ్యకూ తెలియదు. దొరికినవాడు చెప్పడు. ఆ రెండు వలలూ ఇంకా రాతి దగ్గరే ఉన్నాయి.